తెలుగు మాన్పించిన ఏడాది

ఏడేళ్లు నిండినా మా వాడికి చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు కూడా చదవడం రాలేదు. డల్లాస్‌లో రోజూ రాత్రి మేం చదివి వినిపించే కథను కంఠతా పట్టి, పేజీలు తిప్పుతూ అప్పజెప్పేవాడు. ఒకరోజు నేను పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పేశాను. వాడు మాత్రం దాటిపోయిన పేజీలోని కథే చెప్పుకుంటూ పోయాడు. నాకు గుండె జారిపోయింది. బడిలో చదివే వంతు వచ్చిందంటే కడుపునొప్పి అనేవాడు.

"రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడు, కొన్నాళ్లు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని బడిలో ఒకరు చెప్పారు. టెన్షన్‌లో ఉన్నాం, సరేనన్నాం. ఏడాది పాటు తెలుగు మానేశాం. చదువేమీ మెరుగుపడలేదు. గుంటూరు నుంచి అమ్మ వీడియో కాల్ చేస్తే మాత్రం వాడు 'హాయ్' అని పక్కకు తప్పుకునేవాడు. ఆ ఏడాదిని తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

పోయిన వేసవిలో బ్రాడీపేటలోని పుట్టింట్లో ఆరు వారాలు ఉన్నాం. నాన్న పుస్తకం జోలికి పోలేదు. సాయంత్రం ఎండ తగ్గాక వాడి చెయ్యి పట్టుకుని శంకర్ విలాస్ సెంటర్ దాకా నడిపించేవారు. దారి పొడుగునా మాటలతో ఆట. "మంగళగిరికి ఎన్ని చప్పట్లురా?" మం-గ-ళ-గి-రి, ఐదు. "మిరపలో మి తీసేస్తే?" మొదటి వారం వాడికి ఇవేవీ తెలియలేదు. పక్కన నడుస్తున్న నాకు అప్పుడు అర్థమైంది, మాటను ముక్కలుగా విడదీసి వినడమే వాడికి కష్టమని. అక్షరాల దాకా రాకముందే వాడు అక్కడ ఆగిపోయాడు. రెండు వారాలు పోయాక "రప!" అని అరిచాడు. నాన్న నడిరోడ్డు మీదే వాణ్ణి ఎత్తుకున్నారు.

తర్వాత అమ్మ పలక తీసింది. కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. మనం చిన్నప్పుడు అరిచి అరిచి వల్లించిన ఈ గుణింతంలో ఎంత విషయం ఉందో నేనెప్పుడూ ఆలోచించలేదు. హల్లు అలాగే ఉంటుంది, అచ్చు మారుతుంది, ఆ మార్పు కంటికి కనిపిస్తుంది. ఇంగ్లీషులో 26 అక్షరాలతోనే దాదాపు 44 ధ్వనులు రాయాలి. సి అక్షరం క్యాట్‌లో ఒకలా, సిటీలో ఇంకోలా పలుకుతుంది. తెలుగూ తేలికేం కాదు. ప, వ తారుమారు చేసేవాడు, ఒత్తు కనబడితే బిగుసుకుపోయేవాడు. కానీ ఒకసారి పట్టుబడిన అక్షరం మళ్లీ మాట మార్చదు. ఆ ధైర్యం వాడికి కావలసి వచ్చింది.

తిరిగి వెళ్లగానే కళ్లు, చెవులు పరీక్ష చేయించాం. బడికి తేదీ వేసి ఉత్తరం రాశాం, పిల్లాణ్ణి పరీక్షించమని. అక్కడి ప్రభుత్వ బళ్లలో దీనికి డబ్బు కట్టనక్కర్లేదు, కానీ నోటిమాటగా అడిగితే నెలలు గడిచిపోతాయి, రాసే ఇవ్వండి. డిస్లెక్సియా అని తేలింది, అంటే తెలివి ఉన్నా మాటలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. రెండు భాషల వల్ల అది రాదు, బద్ధకం వల్లా రాదు. ఇంట్లో తెలుగు ఆపక్కర్లేదని పరీక్షించినావిడే చెప్పింది. బ్రాడీపేటలో మా పక్కింటివాళ్లు తమ మనవణ్ణి 'మొద్దు' అంటుంటే విన్నాను. మన దేశంలో కూడా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించిందని వాళ్లకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇప్పుడు బడిలో ప్రత్యేకంగా ఒక టీచర్ ధ్వనుల దగ్గర్నుంచి నేర్పుతున్నారు. ఇంకా నెమ్మదిగానే చదువుతాడు. ఆదివారం నాన్న పలక మీద ఒక మాట రాసి కెమెరాకు చూపిస్తారు. మొన్న 'మిర్చి' రాశారు. వాడు "మి... రి..." అని ఆగాడు. కింద ఒత్తు వైపు చాలాసేపు చూశాడు. నాన్న నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు తాతయ్యా, చెప్పకు."