బోడీ: ఉన్నది ఉన్నట్టుగా

కాలిఫోర్నియాలోని లీ వైనింగ్ ఊరు దాటాక 395 హైవే మీంచి కుడికి మళ్ళి 270 రోడ్డు పట్టుకున్నాం. జనం వదిలేసిపోయిన పాత బంగారుగనుల ఊరు బోడీకి అక్కణ్ణుంచి 13 మైళ్ళు, చివరి మూడు మైళ్ళూ కంకర రోడ్డే. చెట్టన్నది లేదు, ఎటు చూసినా బూడిదరంగు తుప్పలే. దారిలో పెట్రోలు గానీ తిండి గానీ దొరకదు, అన్నీ ముందే చూసుకుని బయల్దేరాలి. మలుపు తిరగ్గానే ఊరంతా ఒక్కసారిగా కంటపడింది. వాలు పొడుగునా ఎండకు మాగిన చెక్క ఇళ్ళు, కొండ వారగా రేకులతో కట్టిన, ఖనిజాన్ని పొడిచేసే మిల్లు. 8,379 అడుగుల ఎత్తు కదా, జూలైలోనూ స్వెట్టర్లు వేసుకోవాల్సి వచ్చింది.

1859లో ఇక్కడ బంగారం కనిపెట్టినవాళ్ళలో బోడీ అనే ఆయన ఒకడు. ఆ చలికాలమే మంచుతుపానులో చిక్కుకుని చనిపోయాడు పాపం, తన పేరిట వెలిసిన ఊరు చూడనేలేదు. చాలా ఏళ్ళు ఇది నాలుగు గుడిసెల శిబిరమే. 1870ల మధ్యలో ఒక గని లోపల కొంత భాగం కూలి, వెనకున్న మంచి ఖనిజం బయటపడింది. దాంతో స్టాండర్డ్ అనే గనుల కంపెనీ దిగింది, వెనకే జనం ఎగబడ్డారు. 1880 ప్రాంతంలో వేలమంది మనుషులు, సుమారు 2,000 కట్టడాలు, వీధి పొడుగునా బార్లు!

వంటచెరుక్కి, గనుల్లో ఆసరాకి, బాయిలర్లకి, అన్నిటికీ కలపే కావాలి. అదేమో ఇక్కడ లేదు. అందుకే 1881లో మోనో సరస్సు అవతలి అడవిదాకా 32 మైళ్ళ రైలు వేశారు. అయినా ఖర్చు తగ్గక, 1892లో సుమారు 13 మైళ్ళ దూరంలోని గ్రీన్ క్రీక్ దగ్గర నీటితో కరెంటు తీసి మిల్లుకు పంపడం మొదలుపెట్టారు. మన చిత్తూరు వైపు నుంచి ఎందరో పనికి పోయిన కోలారు గనులకు శివనసముద్రం కరెంటు వచ్చింది 1902లో. అంతకు పదేళ్ళ ముందే ఈ ఎడారి కొండల్లో ఆ పని చేసిన ఇంజనీర్లకు నిజంగా దండం పెట్టాలి.

బడి కిటికీ దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడిపోయింది. దుమ్ము పట్టిన అద్దం వెనక బల్లలు, తెరిచిన పుస్తకాలు, ఒక గ్లోబు. "ఇవన్నీ ఎందుకు వదిలేసి వెళ్ళారు నాన్నా?" అంది. అంత దూరం సామాను మోయించే ఖర్చుతో కొత్తవే కొనుక్కోవచ్చమ్మా అని చెప్పాను. ఖనిజం తగ్గుతూ వచ్చింది, 1932లో అగ్నిప్రమాదం ఊళ్ళో ఎక్కువ భాగాన్ని మింగేసింది, 1942లో యుద్ధకాలపు ఉత్తర్వుతో గనులు మూతపడ్డాయి. ఊళ్ళో చాలా భాగానికి సొంతదారులైన కెయిన్ కుటుంబం కాపలా పెట్టి కాపాడబట్టి గానీ, లేకపోతే ఈ మాత్రం కూడా మిగిలేది కాదు.

1962లో ఇది రాష్ట్ర చారిత్రక పార్కు అయింది. ఇప్పుడు మిగిలింది వందకు కాస్త పైబడిన కట్టడాలు. వాటికి రంగులు వేయకూడదు, కొత్తగా తీర్చిదిద్దకూడదు, కూలిపోనివ్వనూ కూడదు, ఏ స్థితిలో చేతికొచ్చాయో ఆ స్థితిలోనే నిలబెట్టాలని నిర్ణయించుకున్నారు. ఒరిగిపోయిన స్వేజీ హోటల్‌ని నిటారుగా లేపకుండా, పక్కన దుంగలు పోటు పెట్టి ఆపారు. ఒక ఇంటి గోడకు అప్పటివాళ్ళు చితక్కొట్టి అతికించిన టిన్ను డబ్బాల రేకులు అలాగే ఉన్నాయి, తుప్పుతో, మేకులతో సహా. కప్పు కారితే మాత్రం వెంటనే పాత తీరు చెక్కతోనే బాగుచేస్తారు.

ఇదే రాష్ట్రంలో కాలికో అనే వెండిగనుల ఊరుంది. దాన్ని 1950లలో చాలావరకు తిరిగి కట్టారు. సరదాగానే ఉంటుంది, కానీ అక్కడ ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో తెలుసుకోవడం కష్టం. బోడీలో ఆ అనుమానానికి తావు చాలా తక్కువ. నేను మాత్రం బోడీ పద్ధతికే ఓటేస్తాను. నేలమీది తుప్పుమేకు కూడా తీసుకెళ్ళకూడదని ఇక్కడ నియమం. తీసుకెళ్ళినవాళ్ళు కొందరు క్షమాపణ ఉత్తరంతో పార్శిల్ చేసి వెనక్కి పంపారట. మీరు వెళితే మే తర్వాత, మంచు కరిగి రోడ్డు తెరుచుకున్నాక వెళ్ళండి. వీలైతే రేంజరుతో కలిసి మిల్లు లోపలికీ వెళ్ళి రండి.