మందు కుదిరేదాకా

డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టి, నెల తిరక్కుండానే ఆపేసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు. అందరూ చెప్పేది ఒకటే: "ఆ మాత్రలు నాకు పడలేదు." పడకపోవడమంటే ఏమిటో, ఎంతవరకు ఓర్చుకోవాలో, ఎప్పుడు అస్సలు ఓర్చుకోకూడదో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. నాకు చెప్పారు. అందుకే రాస్తున్నాను.

మాది ప్రొద్దుటూరు. పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, కె.ఆర్.పురంలో ఉంటాం, నేను వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నిద్ర పట్టక, తిండి సయించక, దేని మీదా మనసు నిలవక నెలలు గడిచాక ఇందిరానగర్‌లో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తెలుగు మాట్లాడతారు. నా బాధ నా భాషలో చెప్పుకోగలగడం పెద్ద ఊరట. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారు. వాటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే నీరసపడిపోతుందట. అవి బాగానే ఉన్నాయి. అప్పుడు మందు రాస్తూ ఇలా అన్నారు: "మొదటి మందుతోనే పూర్తిగా తేరుకునేవాళ్ళు దాదాపు మూడో వంతే అమ్మా. అమెరికాలో 'స్టార్-డి' అని పెద్ద అధ్యయనం చేశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. అందులో తేలింది ఇది. మీకు ఇది కుదరకపోతే ఇంకోటి చూస్తాం. నాకు చెప్పకుండా మాత్రం ఆపకండి."

ఆ మాట వినకపోయి ఉంటే మొదటి వారమే నేనూ ఆపేసేదాన్నేమో.

మొదటిది ఎస్సిటాలోప్రామ్. చిన్న డోసుతో మొదలుపెట్టి 10 మిల్లీగ్రాములకి పెంచారు. వేసుకున్న మర్నాటి నుంచే వికారం. పొద్దున మెట్రోలో నిలబడితే కడుపులో తిప్పేది, మధ్యలో స్టేషన్‌లో దిగిపోయి కాసేపు కూర్చుని తర్వాతి రైలు ఎక్కేదాన్ని. మన ఒంట్లోని సెరొటోనిన్ అనే రసాయనంలో ఎక్కువ భాగం పేగుల్లోనే ఉంటుందనీ, ఈ మందు పనిచేసేది దాని మీదే కాబట్టి కడుపు ముందుగా గోల చేస్తుందనీ డాక్టర్ చెప్పారు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గుతుందట. కారణం తెలిశాక అదే వికారం సగం తేలికైపోయింది. ఖాళీ కడుపుతో వేసుకోవడం మాని, కాస్త ఉగ్గాని తిన్నాక వేసుకున్నాను. మధ్యాహ్నం మజ్జిగన్నం, ఎప్పుడైనా చిన్న అల్లం ముక్క. ఊరికే ఆవలింతలు, రాత్రుళ్ళు చెమటలు, పిచ్చి పిచ్చి కలలు కూడా వచ్చాయి. ఒక నోటుబుక్కు పెట్టుకుని రోజూ పడుకునే ముందు నాలుగు ముక్కలు రాసేదాన్ని: నిద్ర ఎలా ఉంది, ఏం తిన్నాను, ఒంట్లో ఏమైంది, మనసెలా ఉంది. డాక్టర్ అడిగినప్పుడు "బాగానే ఉంది మేడం" అనేసి వచ్చేయకుండా కాపాడింది ఆ పుస్తకమే.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే టెన్షన్. "ఆ మాత్రలు అలవాటైపోతాయంట కదే, పూర్తిగా మానేయలేవంట." నిద్రమాత్రలూ ఇవీ ఒకటి కావని నేను చెబితే నమ్మలేదు. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫోన్ కలిపి ఆవిడతోనే మాట్లాడించాను. "మత్తు అలవాటు లాంటిది కాదమ్మా, కానీ ఒక్కసారిగా ఆపితే ఒళ్ళు తిప్పుతుంది, అందుకే మెల్లగా తగ్గిస్తాం" అన్నారావిడ. అమ్మ ఆ తర్వాత "వేసుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టింది.

డోసు పెంచినప్పుడు వచ్చిందే అన్నిటికన్నా భయం పుట్టించింది. కూర్చోలేను, పడుకోలేను, కాళ్ళల్లో ఏదో పురుగు దొలుస్తున్నట్టు. అర్ధరాత్రి హాల్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మా ఆయన టెలి మానస్‌కి, 14416కి, ఫోన్ చేసి నాకిచ్చారు. మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ అది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దానికి ముఖ్య కేంద్రం. తెలుగు ఎంచుకోవచ్చు. అవతలి అమ్మాయి తొందరపడకుండా అన్నీ అడిగింది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని కూడా నేరుగా అడిగింది. రావట్లేదని చెప్పాను. డోసు నా అంతట నేను మార్చొద్దనీ, తెల్లవారగానే డాక్టర్‌కి చెప్పమనీ అంది. పొద్దున్నే డాక్టర్ డోసు వెనక్కి తగ్గించారు, ఆ అశాంతి పోయింది. ఇలాంటిది "అలవాటవుతుందిలే" అని ఓర్చుకునే రకం కాదు. చిన్న వయసు వాళ్ళ ఇళ్ళల్లో ఇది మరీ తెలియాలి. మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని పిల్లల విషయంలో 2004లో అమెరికా ఈ మందుల మీద వేయించిన హెచ్చరికను 2007లో 24 ఏళ్ళ వాళ్ళ వరకూ పెంచారు. మందు మొదలైన కొత్తలో, డోసు మార్చినప్పుడు వాళ్ళని ఒంటరిగా వదలకూడదు.

తగ్గించిన డోసు మీద నెలకి పైగా ఉన్నాను. ఏడుపు ఆగింది. కానీ సంతోషం కూడా రాలేదు. చెల్లెలికి పాప పుట్టిందని ఫోన్ వస్తే "ఓ, మంచిది" అని మళ్ళీ ఎక్సెల్ షీట్ వైపు తిరిగాను. ఇంకోటి కూడా ఉంది. భార్యాభర్తల మధ్య కోరిక అనేదే లేకుండా పోయింది. ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంది, అయినా రాయాలి, ఎందుకంటే ఈ రకం మందుల్లో ఇది చాలా మామూలుగా వచ్చే సమస్య. ఆడవాళ్ళు చెప్పరు, మగవాళ్ళు అసలే చెప్పరు, గుట్టుగా మందు మానేస్తారు. వికారంలా దీనంతట అదే తగ్గడమూ తక్కువే. నేను నోటుబుక్కులో రాసి, ఆ పేజీ తెరిచి డాక్టర్ ముందుకు తోశాను. చదివి, "చెప్పి మంచి పని చేశారు, దీనికి దారులున్నాయి" అన్నారు. అంతే. అంత మామూలుగా.

తర్వాత మిర్టజపిన్, రాత్రి పూట 15 మిల్లీగ్రాములు. పాతదాన్ని తగ్గిస్తూ దీన్ని చేర్చారు. పాతది తగ్గేటప్పుడు తల పక్కకి తిప్పితే లోపల కరెంటు షాక్ కొట్టినట్టు చిన్న జర్కు వచ్చేది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారుపడలేదు. కొత్త మందుతో ఎన్నాళ్ళ తర్వాతో కంటినిండా నిద్రపోయాను. అయితే పొద్దున లేవలేకపోయేదాన్ని, ఆఫీసులో పదకొండయ్యేదాకా తల దిమ్ముగా ఉండేది. ఆకలి మాత్రం ఆగేది కాదు. రాత్రి పదకొండింటికి బొరుగుల డబ్బా ముందు కూర్చునేదాన్ని. బ్లౌజులు బిగుతైపోయాయి. మనసు కొంచెం కొంచెం తేరుకుంటోందని ఓపిక పట్టాను గానీ, మా నాన్నకి షుగర్ ఉంది. బరువు పెరగడం నా విషయంలో చిన్న సంగతి కాదని డాక్టరే అన్నారు.

మూడోది బుప్రోపియాన్. రాసేముందు మూర్ఛలు ఎప్పుడైనా వచ్చాయా అని గుచ్చి గుచ్చి అడిగారు, అవి ఉన్నవాళ్ళకి ఈ మందు పనికిరాదు. పొద్దున్నే వేసుకోవాలి, ఆలస్యంగా వేసుకుంటే రాత్రి నిద్ర పాడవుతుంది. మొదట్లో గుండె దడ, చేతుల్లో సన్నని వణుకు వచ్చాయి. బీపీ చూపించుకుంటూ ఉండమన్నారు, చూపించుకున్నాను. కొన్ని వారాలకి దడ తగ్గింది. ఒకరోజు కె.ఆర్.పురం సంతలో చిక్కుడుకాయలు ఏరుతూ, ఇవి వంకాయతో కలిపి వండితే బాగుంటుందని నా అంతట నాకే తోచింది. వండాను కూడా. మా ఆయన ఏమీ అనలేదు, రెండోసారి వడ్డించుకున్నారు.

ఇప్పుడూ నోరు ఎండిపోతుంది. సీసాలో నీళ్ళు లేకుండా మీటింగ్‌కి వెళ్ళను. పూర్తిగా బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలనీ, ఆ తర్వాతే మెల్లగా తగ్గించే మాట ఆలోచిద్దామనీ డాక్టర్ అంటున్నారు. ఈసారి వెళ్ళినప్పుడు నోరు ఎండిపోవడం గురించీ, పళ్ళకి ఏమైనా అవుతుందా అనీ అడగాలని పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.