చందా ఆసుపత్రి గుమ్మం దాకానే వచ్చింది

మా అన్నయ్యకి కాలూ చెయ్యీ పడిపోయిన రోజు నాకు నిమిషం నిమిషం గుర్తుంది. పొద్దున్న ఆరున్నరకి టీ గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. వదిన పిలిస్తే పలకబోయాడు, మాట రాలేదు. లారీ నడిపే మనిషి, నలభై ఆరేళ్లు. బీపీ ఉందని మాకు తెలుసు, మాత్రలు మానేశాడనీ తెలుసు. "గాలి సోకిందే, పసరు పోయిస్తే తగ్గుద్ది" అంది మా పెద్దమ్మ. పావురం రక్తం రాయాలని ఇంకెవరో అన్నారు. పసరు పోసే ఆయన దగ్గర వరసలో కూచుని, అక్కణ్ణుంచి ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది.

స్కాన్ చూసి డాక్టరుగారు అడిగింది ఒకటే. "ఆఖరుసారి బాగా ఉన్నది ఎన్నింటికి?" చెప్పాం. మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందనీ, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇస్తారనీ చెప్పి ఊరుకున్నారు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తణుకు దగ్గర మా ఊరు. అన్నయ్య పదో తరగతి బ్యాచ్ వాళ్లకి వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో వార్త పడ్డ రెండు రోజుల్లో లక్షా 84 వేలు వచ్చాయి. వాళ్ల రుణం మేం తీర్చుకోలేం. పదకొండు రోజుల తరవాత అన్నయ్యని ఇంటికి తెచ్చాం.

అసలు ఖర్చు అప్పుడు మొదలైంది. ముక్కు గొట్టం, డైపర్లు, ఒళ్లు పుళ్లు పడకుండా గాలి పరుపు. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుకి పూటకి 400, అంటే నెలకి 12 వేలు. మొదటి నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా ఉంటుందనీ, ఆ రోజులు వదులుకోవద్దనీ ఆయన మరీ మరీ చెప్పారు. లారీ జీతం ఆగిపోయింది. మంచం దగ్గర మనిషి ఉండాలి కాబట్టి వదిన పనికి వెళ్లడం మానేసింది. నెలన్నరకి చేతిలో రూపాయి లేదు. మళ్లీ గ్రూపులో అడగడానికి నాకు నోరు రాలేదు. ఒకాయన మా గుమ్మంలోనే అన్నాడు, "ఇచ్చాం కదమ్మా మొన్న". ఆయన తప్పేం లేదు. పక్షవాతం అంటే విరిగిన కాలు లాంటిదని, కట్టు కట్టించి పంపేస్తే అయిపోతుందని అందరూ అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

ఆ రాత్రి కూచుని వచ్చిన ప్రతి రూపాయీ, పోయిన ప్రతి రూపాయీ రెండు కాగితాల మీద రాశాను. ఆసుపత్రి బిల్లు ఒక కాగితం, ఇంటి ఖర్చు ఒక కాగితం. పొద్దున్నే రెండూ తీసుకెళ్లి రామాలయం గోడకి అంటించాను. వదినకి ఇష్టం లేదు, పరువు పోతుందని ఏడ్చింది. సాయంత్రానికి వినాయక చవితి కమిటీ కుర్రాళ్లు వచ్చారు. "అక్కా, డైపర్లకి ఇంతవుద్దా?" అని అడిగాడొకడు. ఆ ఏడు డీజే పెట్టకుండా ఆ డబ్బులు 35 వేలు ఇచ్చారు. కానీ ఒక మాటన్నారు: ఊళ్లో ఇలా మంచాన పడ్డవాళ్లు ఇంకో ముగ్గురున్నారు, మీ ఒక్క ఇంటికే ఇస్తే ఎలా? నేను ఆ ముగ్గురి గురించి అంతవరకు ఆలోచించనే లేదు.

అలా నలుగురికీ కలిపి మొదలుపెట్టాం. ఫిజియోథెరపిస్టుతో మాట్లాడితే, అందర్నీ ఒకచోటికి తెస్తే వారానికి మూడు రోజులు వచ్చి తక్కువకే చేయిస్తానన్నారు. కమ్యూనిటీ హాలు ఇచ్చారు పంచాయతీవాళ్లు. మంచం దిగలేని ఒకావిడ దగ్గరికి మాత్రం ఆయనే వెళ్లేవారు. ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా బ్యాంకు ఖాతా తెరిచాం. నెల నెలా లెక్క రామాలయం బోర్డు మీద.

అమెరికా పౌరసత్వం వచ్చిన బ్యాచ్‌మేట్ ఒకాయన పెద్ద మొత్తం పంపుతానన్నాడు. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా మన కమిటీ అది తీసుకోకూడదని ఆడిటరుగారు చెప్పారు. కువైట్‌లో ఉన్న ఇంకో బ్యాచ్‌మేట్‌ది ఇండియా పాస్‌పోర్టే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదన్నారు. అమెరికా ఆయనకి ఈ సంగతి చెప్పడానికి నేను ఎంత బాధపడ్డానో. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆదివారాలు నావి" అన్నాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వీడియోకాల్‌లో అన్నయ్యతో పదో తరగతి హాజరు పట్టీ చెప్పిస్తాడు. ఒక్కో పేరుకి అన్నయ్య నుదురు చెమట పడుతుంది. మొదటి నెల రెండు పేర్లు. ఇప్పుడు పద్దెనిమిది.

పింఛనుకి సదరం సర్టిఫికెట్ కావాలి, అంటే వైకల్యం ఎంత ఉందో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. స్లాటు కోసం ఎంత తిరిగామో చెబితే ఇంకో కథ అవుతుంది. మంచానికే పరిమితమైన ఆవిడకి నెలకి 15 వేలు వచ్చేవి, మా అన్నయ్యకి 6 వేలు వస్తున్నాయి. ఈ కాగితాల పని ఇంట్లో మనిషి పడ్డ మొదటి నెలలోనే ఎవరో ఒకరు భుజాన వేసుకోవాలి, ఇంటివాళ్లకి ఆ ఓపిక ఉండదు.

అక్టోబరు 29 ప్రపంచ పక్షవాత దినం. ఆ రోజు ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని ఆటోకి మైకు కట్టి ఊరంతా తిరిగాం. నవ్వమనండి, మూతి వంకర పోతోందా చూడండి. రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారిపోతోందా. పేరు చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా. ఏ ఒక్కటున్నా టైము రాసుకుని 108కి ఫోన్ చెయ్యండి. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో ఉన్న ఆస్ప్రిన్ వెయ్యొద్దు, అది గడ్డో రక్తస్రావమో స్కాన్ తీస్తేగానీ తెలియదు. మా పెద్దమ్మ ఆటోలో నా పక్కనే కూచుంది. పసరు సంగతి మైకులో తనే చెప్పింది, గొంతు వణుకుతూ.

సంక్రాంతి తరవాత చెరువుగట్టు వీధిలో ఒకాయనకి చెయ్యి తిమ్మిరెక్కి మాట తడబడింది. ఏడో తరగతి చదివే మనవరాలు గోడ మీద బొగ్గుతో టైము రాసి 108కి ఫోన్ చేసింది. గంటన్నరలో స్కాన్ గదిలో ఉన్నాడు. ఇంజెక్షన్ పడింది. ఇప్పుడు కాస్త కాలు ఈడుస్తాడంతే, పొలం వెళ్తున్నాడు.

ఈ నెల బోర్డు మీద మిగులు 6,240. మంచాన ఉన్న ఆవిడ మొన్న వెళ్లిపోయారు. గాలి పరుపు వాళ్ల కొడుకే తెచ్చి ఇచ్చాడు, మోటారు కూడా తుడిచి మరీ. కడిగి రామాలయం అరుగు మీద ఎండలో పెట్టాం. కావలసినవాళ్లు కమిటీ కుర్రాళ్లని అడగండి, డబ్బులేం అక్కర్లేదు.