మోటర్ ఎప్పుడు వేస్తారు?

టెక్సాస్‌లో పిల్లలు పడుకునే వేళకు హైదరాబాద్‌లో తెల్లారి ఉంటుంది. వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. మావాళ్లు పక్కెక్కి అమ్మమ్మ కథ కావాలని అడిగే టైముకు మా అమ్మ పాలు పొంగకుండా చూసుకుంటూనో, కూరగాయల బండి దగ్గర బేరమాడుతూనో ఉంటుంది. ఫోనెత్తినా కథ సగంలో ఆగిపోతుంది. వాయిస్ మెసేజ్‌లు పంపమంటే పంపింది కానీ, గొంతు కన్నా వెనకాల రొదే ఎక్కువ. అందుకే ఈ వేసవికి మల్కాజిగిరి వచ్చేటప్పుడు పన్నెండేళ్ల మా అబ్బాయి ఒక మైకు కొనుక్కుని వెంట తెచ్చుకున్నాడు, అమ్మమ్మ కథలన్నీ తనే రికార్డు చేస్తానని.

వీడి తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. ఆదివారం తెలుగు బడికి వెళ్తాడు. ఒత్తులు తప్పు పోకుండా చదువుతాడు, పద్యం అప్పజెప్పమంటే అప్పజెప్తాడు. మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. మేం తెలుగులో అడిగితే ఇంగ్లిషులో జవాబు. ప్రవాసంలో ఉన్న చాలా ఇళ్లలో ఇదే వరస, మనమేమో పిల్లలకు తెలుగు రావట్లేదని బెంగపడతాం. నాకైతే రాకపోవడం అనిపించదు. వాడికి తెలుగుతో పని పడదు, అంతే. ఆకలేస్తే ఇంగ్లిషులో చెప్పినా అన్నం పెడతామాయె.

మొదటి కథ రికార్డయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొహం చిట్లించాడు. అమ్మ గొంతు కింద గుయ్‌మని ఒకటే రొద. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలో ఆ ఫైలును స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే బొంగురు శబ్దం కింద, సన్నని శబ్దం పైన కనిపించే బొమ్మగా, మార్చి చూశాడు. అందులో మాటలు మబ్బుల్లా వచ్చి పోతుంటాయి, ఆగని మోత మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డగీతగా ఉండిపోతుంది. వాడు 60 దగ్గర గీత ఉంటుందనుకున్నాడు. ఉన్నది 50 దగ్గర. దానిపైన 100, 150 దగ్గర మరికొన్ని. మా నాన్న కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. స్క్రీన్ మీద ఆ అంకె చూడగానే కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు అటూ ఇటూ తిరుగుతుంది, ఇక్కడ 50 అని ఆయన చెప్తుంటే వీడు నోరు తెరుచుకుని విన్నాడు. ఇంట్లోని మోత చూసి అది అమెరికా కరెంటో ఇండియా కరెంటో చెప్పొచ్చన్న సంగతి వాడికి తెగ నచ్చింది.

తర్వాత తాతామనవళ్లు ఇంట్లో మమ్మల్నెవరినీ కుదురుగా కూర్చోనివ్వలేదు. అన్నీ బంద్ చేసి ఒక్కొక్కటే వేస్తూ వినాలన్నది నాన్న పద్ధతి. కానీ మొదటి దొంగ స్విచ్‌బోర్డు దాకా పోకముందే దొరికాడు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే మోత చాలావరకు పోయింది. అమెరికా చార్జర్‌కు మూడు పిన్నులు. ఇక్కడి సాకెట్లో పెట్టడానికి మేం తెచ్చిన అడాప్టర్‌కు రెండే. ఎర్త్ ఎక్కడా కలవదు. ల్యాప్‌టాప్ లోహపు మూత మీద మెల్లగా వేలు రాస్తే సన్నగా జుమ్మంటుంది చూడండి, అది దీని వల్లే. ఇండియా వచ్చిన వాళ్లలో చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు.

మిగిలిన 100 గీతకు కారణాలు రెండు. ఒకటి హాల్లో ట్యూబ్‌లైటు పాత చోక్, రెండోది ఫ్రిజ్. కరెంటు అటు తిరిగినా ఇటు తిరిగినా ఇనుమును లాగుతుంది కాబట్టి 50కి రెట్టింపుగా అదురుతుందని నాన్న వివరించాడు. ట్యూబ్‌లైటు ఆర్పేస్తే పోయింది. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేయడం మరచిపోతామని అమ్మకు టెన్షన్. సినిమా షూటింగుల్లో సౌండ్ వాళ్లు ఫ్రిజ్ ఆపేటప్పుడు కారు తాళాలు అందులోనే పెడతారట, ఇంటికి బయల్దేరాలంటే ఫ్రిజ్ తెరవక తప్పదు కదా. వాడు ఆ ఉపాయం పట్టుకుని అమ్మ బీరువా తాళాల గుత్తిని పెరుగు గిన్నె పక్కన పెట్టొచ్చాడు. "నా తాళాలు ఫ్రిజ్‌ల వెట్టుడేందిరా!" అని అమ్మ ఒకటే నవ్వు.

ఫ్యాన్ సంగతి వేరు. మే నెలలో ఫ్యాన్ లేకుండా కథ చెప్పమంటే ఎవరు చెప్తారు? మైకును నోటికి జానెడు దూరంలోకి, కాస్త పక్కకు తెచ్చాం. దూరం సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. పక్కకు ఎందుకంటే, ప, భ అన్నప్పుడు వచ్చే ఊపిరి నేరుగా మైకుకు తగలకుండా. ఇక టైల్స్ నేల, ఉత్త గోడలు, స్టీలు బీరువా ఉన్న గదిలో మాట ఖంగుమంటుంది. అమెరికా ఇళ్లలో కార్పెట్ వల్ల ఇంత తెలియదు. బీరువా తలుపుల మీద రెండు బొంతలు వేలాడదీశాం.

ఇంట్లోవన్నీ అయ్యాక బయటివి మిగిలాయి. పాత ఇనుప సామాన్లు కొంటామని మైకులో అరుచుకుంటూ పోయే ఆటో, పొద్దున్నే పాట పెట్టుకుని వచ్చే చెత్త ఆటో, వేసవంతా ఊరుకోని కోయిల, అపార్ట్‌మెంట్ బోరు మోటర్. మోటర్ వేశారంటే గోడలే అదురుతాయి. దాన్ని మేం ఆపలేం. నాన్న వాణ్ని కిందికి పంపించాడు, వాచ్‌మన్‌ను నువ్వే అడిగి రమ్మని. నేను బాల్కనీలో నిలబడి విన్నాను.

"అంకుల్, మోటర్ ఎప్పుడు వేస్తారు?"

"పొద్దుగాల ఒకపారి, మల్ల సందెకాడ."

"అంటే ఎన్నింటికి?"

"ట్యాంకు జూసి ఏస్త బాబూ. గంటేం లేదు."

"మేం రికార్డ్ చేస్తున్నాం. వేసే ముందు చెప్తారా?"

ఈ ఆఖరి మాట వాడికి ఏ పుస్తకంలోనూ నేర్పలేదు. ఇంట్లో ఎన్నేళ్లుగానో బతిమాలినా రానిది, బోరు మోటర్ కోసం వచ్చింది. తర్వాత ఇస్త్రీ బండి ఆయనతో, పైఫ్లోర్ ఆంటీతో కూడా వాడే మాట్లాడుకున్నాడు. చివరికి రాత్రి పది దాటాక రికార్డింగ్ అని ఖాయం చేశాడు, అప్పుడైతే రైలు కూత తప్ప పెద్దగా ఏముండదని.

అన్నీ కుదిరాయనుకున్న రాత్రి గాజుల సమస్య వచ్చింది. అమ్మ కథ చెప్తుంటే చేతులు ఊరుకోవు. రెండు చేతులకూ నిండా మట్టి గాజులు. అవి మోగినప్పుడల్లా స్పెక్ట్రోగ్రామ్ పై భాగంలో సన్నని నిలువు గీతలు. వాడు హెడ్‌ఫోన్స్ తీసి, ఏ తడబాటూ లేకుండా, "అమ్మమ్మా, గాజులు తీసెయ్యి" అన్నాడు.

వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేని వాక్యం. పక్కనే మంచం మీద నాన్న కూర్చుని ఉన్నాడు. అమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "అట్లనొద్దు బిడ్డా" అంది మెల్లగా. వాడికి ఏమీ అర్థం కాలేదు, వాచీ తీయమన్నట్టే అన్నాడు పాపం.

వంటింట్లోకి తీసుకెళ్లి చెప్పాను, భర్త పోయిన ఆడవాళ్ల గాజులు తీయించే ఆచారం ఒకటుందని, అందుకే ఆ మాట తాత ఎదురుగా అనకూడదని. వెంటనే ప్రశ్న: "వై? దట్స్ సో మీన్." నిజమే, నాకూ ఆ ఆచారమంటే ఒళ్లుమంట. వాడికి దాన్ని నేర్పాలని లేదు. కానీ తను అన్న మాట అమ్మమ్మకు ఎక్కడ తగిలిందో తెలియాలి. ఈ రెండూ ఒకేసారి చెప్పడం ఎంత కష్టమో ప్రవాసంలో పిల్లల్ని పెంచేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేం తిరిగి వచ్చేసరికి అమ్మ గాజులన్నీ పైకి తోసుకుని వాటి మీద నాన్న చేతిరుమాళ్లు బిగించి కట్టుకుంది. "ఇగ మోగయి. పెట్టు నీ మైకు."

మిగిలిన కొద్దిపాటి హోరుకు నోయిస్ రిడక్షన్ వాడాం, చాలా కొంచెం. గది ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని సెకన్లు విడిగా రికార్డు చేసుకుని ఆ నమూనా ఇస్తే ప్రోగ్రాం అలాంటి శబ్దాన్నే తగ్గిస్తుంది. అత్యాశకు పోతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది, శ, ష, స ముందుగా దెబ్బతింటాయి. ఆ మూడూ విడివిడిగా పలకలేక తంటాలు పడే పిల్లలకు వినిపించాల్సిన కథల్లో అవే పోతే ఇంకేం లాభం? వీడియో కాల్‌లో సంగీతం క్లాసులు పెట్టుకున్నవాళ్లు కూడా చూసుకోవాలి. ఆగకుండా మోగే శ్రుతిపెట్టెను కాల్ యాప్ రొద అనుకుని అణిచేస్తుంది. జూమ్‌లో సంగీతం వాళ్ల కోసం ఒరిజినల్ సౌండ్ అని సెట్టింగ్ ఉంది, అది పెడితే సరి.

మేం వచ్చేశాక ఇప్పుడు రికార్డింగ్ పని నాన్నది. ఆయన పంపే ప్రతి ఫైలునూ మావాడు విని, తప్పులు పట్టి, వాయిస్ మెసేజ్ పెడతాడు. మొన్నటిది నేనూ విన్నాను. "తాతా, ఫ్యాన్ ఐదు మీద ఉంది. రెండు మీద పెట్టి మళ్లీ చెప్పించు."

నాన్న జవాబు: "రెండు మీద పెడితే మీ అమ్మమ్మ చెప్పదట. మూడుకు ఒప్పించిన. సరేనా?"