సీమోనుని బలవంతం చేశారు, నన్ను కూడా

మా నాన్నకి స్ట్రోక్ వచ్చి మూడో ఏడు నడుస్తోంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. పూర్తిగా పోలేదులెండి, ఒక్క మాట మిగిలింది, "వద్దు". నీళ్లు కావాలన్నా వద్దే, ఫ్యాన్ వెయ్యమన్నా వద్దే, నేను గదిలోంచి వెళ్తుంటే కాసేపు ఉండమని చెప్పడానికి కూడా వద్దే. ఏ వద్దుకి ఏం అర్థమో కనిపెట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

ఒక మాట ముందే చెప్పేస్తా, నేనేం ప్రేమగల కొడుకుని కాదు. నాన్నకీ నాకూ ఎప్పుడూ పొసగలేదు, ఆయనకి ఇలా కాకముందు చాలా ఏళ్లు మా మధ్య మాటల్లేవు. అమ్మ లేదు, అక్కకి చిన్నపిల్లలు, ఇక మిగిలింది నేనే. అంతే, ఎవరూ నన్ను అడగలేదు, నేనూ ఒప్పుకోలేదు, ఒకరోజు చూసుకుంటే ఆయన మంచం పక్కనే ఉన్నా.

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే తుంటి దగ్గరా మడమల దగ్గరా బెడ్ సోర్స్ వచ్చేస్తాయి. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద ఒక చెయ్యి తుంటి మీద వేసి నీ వైపుకి దొర్లించుకోవాలి, వీపు వెనకాల ఒక దిండు, మోకాళ్ల మధ్య ఇంకో దిండు, కింద దుప్పటి మడత లేకుండా లాగాలి. పగలైతే పర్లేదు. రాత్రి పన్నెండుకి, రెండుకి, నాలుగుకి అలారం.

ఓ రాత్రి రెండింటికి విసురుగా తిప్పేశాను. ఆయన మోచెయ్యి మంచం రాడ్‌కి ఠంగుమని తగిలింది. ప్రతిదానికీ వద్దు అనే మనిషి ఆ ఒక్కసారి ఏమీ అనలేదు. కళ్లు మూసుకున్నాడు, అంతే. నేను బాత్రూంలోకి వెళ్లి ట్యాప్ తిప్పి కూర్చున్నా, తెల్లారేదాకా నిద్రపట్టలేదు.

చర్చిలో వాళ్లు మంచివాళ్లే, వచ్చి ప్రార్థన చేసేవాళ్లు. కానీ వెళ్తూ వెళ్తూ ప్రతి ఒక్కళ్లూ అదే డైలాగ్, "మొయ్యలేనంత భారం దేవుడు ఇవ్వడు బ్రదర్". అది బైబిల్‌లో ఎక్కడుందా అని కోపంతోనే వెతికా. లేదు. మొదటి కొరింథీ 10:13లో ఉన్నది శోధన గురించి, పాపంలో పడకుండా తప్పించుకునే దారి గురించి. రెండో కొరింథీ మొదటి అధ్యాయంలో ఆ ఉత్తరాలు రాసిన పౌలే చెప్తాడు, ఆసియలో మాకొచ్చిన శ్రమ మా శక్తికి మించిపోయింది, బతుకుతామన్న ఆశే లేకపోయింది అని. పౌలు ఆ మాట రాసి పెట్టాడని చూసిన రోజు నాకు మొదటిసారి కొంచెం ఊపిరాడింది, భారం తగ్గి కాదు, అది భారమేనని ఒకళ్లు ఒప్పుకున్నందుకు.

అప్పట్లో ఓ ఆదివారం త్యాగం మీద ప్రసంగం. మాక్సిమిలియన్ కోల్బే అనే కాథలిక్ ఫాదర్ గారి సంగతి చెప్పారు, 1941లో నాజీల ఆష్విట్జ్ క్యాంపులో ఆకలితో చంపడానికి పదిమందిని ఎంచితే అందులో ఒకాయన నా భార్యా పిల్లలూ అని ఏడిస్తే ఈ ఫాదర్ ఆయన బదులు నేను వెళ్తానని ముందుకొచ్చి ఆగస్టు 14న చనిపోయారు, ఆ బతికినాయన 1995 దాకా ఉన్నాడు. గొప్ప సంగతే. కానీ నేను వెనక బెంచీలో కూర్చుని అనుకున్నా, నిజం చెప్తున్నా, ఒక్కసారి చచ్చిపోవడమైతే నేనూ చేసేవాడినేమో, రోజూ డైపర్ మార్చమంటేనే చచ్చే చావు. ఇంటికొచ్చి లూకా 9:23 తీశా. సిలువ ఎత్తుకుని వెంబడించమన్న మాట మత్తయి, మార్కుల్లో కూడా ఉంది గానీ "ప్రతిదినము" అన్న ముక్క లూకాలోనే ఉంది. ఆ ముక్క అన్నేళ్లుగా చదువుతున్నా నా కంటికి ఆనలేదు.

ఇంకా ఎక్కువగా పట్టుకుంది కురేనీయుడైన సీమోను. పొలం నుంచో పల్లె నుంచో వస్తూ దారినపోతున్న మనిషి, పట్టుకుని యేసు సిలువ మొయ్యమని బలవంతం చేశారు. ప్రేమతో పరిగెత్తుకుంటూ రాలేదు! అక్కడ గ్రీకులో వాడిన క్రియా, కొండమీద ప్రసంగంలో "ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్లు వెళ్లు" అన్నచోట వాడిన క్రియా ఒకటేనట, రోమా సైనికులు జనాన్ని వెట్టికి పట్టుకునే మాట. మన తెలుగు బైబిల్‌లో కూడా రెండు చోట్లా బలవంతమే. అంటే మొదటి మైలు నా ఇష్టంతో మొదలవ్వాలని రూల్ ఏం లేదు. మార్కు ఇంకో వివరం రాశాడు, ఈ సీమోను అలెక్సంద్రుకీ రూఫుకీ తండ్రి అని. చదివేవాళ్లకి ఆ పిల్లలు తెలిసుంటేనే కదా అలా రాస్తారు. వెట్టికి దొరికినవాడి పిల్లలు విశ్వాసుల్లో తెలిసిన పేర్లయ్యారంటే ఆ దారిలో ఆయనకి ఏదో జరిగే ఉంటుంది, ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయలేదు.

దాంతో రెండు పనులు చేశా. ఒకటి, ప్రేమ నటించడం మానేశా, ప్రభువా నాకు విసుగ్గా ఉంది అనే ప్రార్థన మొదలుపెట్టేవాడిని. రెండోది, అక్కకి ఫోన్ చేసి వారానికి రెండు రాత్రులు నువ్వు రావాలి అన్నా. అప్పటిదాకా అడగలేదు, అడిగితే ఓడిపోయినట్టు అనుకునేవాడిని. యేసు సిలువకే ఇంకొకరి భుజం కావాల్సొచ్చినప్పుడు నాదేముంది.

మా ఫ్రెండ్ ఒకడు కాథలిక్, వాడు చెప్పాడు చిన్న తెరేసమ్మ సంగతి, 1897లో 24 ఏళ్లకే టీబీతో చనిపోయిన ఫ్రెంచ్ సిస్టర్. ఆమె కాన్వెంట్‌లో నడవలేని ముసలి సిస్టర్ ఒకావిడ ఉండేది, రోజూ సాయంత్రం ఆవిణ్ని పట్టుకుని భోజనాల గదికి తీసుకెళ్లాలి, కాస్త జోరుగా నడిస్తే పడేస్తావంటుంది, మెల్లగా నడిస్తే పట్టుకోలేదంటుంది. తెరేసమ్మ తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఆవిడ చేతులు సరిగా ఆడట్లేదని చూసి రొట్టె కూడా ముక్కలు చేసిచ్చి, ఓ నవ్వు నవ్వి వచ్చేదట. నాకు నవ్వొచ్చింది, ఆ ముసలావిడకి కూడా ఒకటే మాట, వద్దు!

ఇక్కడో సంగతి చెప్పాలి, ఎవరైనా దీన్ని పట్టుకుని, కొట్టే మొగుడి దగ్గర పడుండు, అదే నీ సిలువ అంటారేమో. కాదు. యేసుని ఆయన సొంతూరి వాళ్లే కొండ మీంచి తోసెయ్యబోతే ఆయన వాళ్ల మధ్యలోంచి వెళ్లిపోయాడు, లూకా 4లో ఉంది. పట్టుబడబోయే రాత్రి గెత్సేమనే తోటలో కూడా ముందు అడిగింది ఈ గిన్నె, అంటే ఈ శ్రమ, తీసెయ్యమనే.

మొన్న రాత్రి నాన్న కాళ్ల గోళ్లు తీస్తూ, ఊరికే అలవాటుకొద్దీ, పరలోకమందున్న మా తండ్రీ అని మొదలుపెట్టా. ఆయన అందుకున్నాడు! నత్తి లేకుండా, "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అని. గోళ్ల కత్తెర పక్కన పెట్టేశా. చర్చిలో అద్భుతం అన్నారు. స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగితే, చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు ఇలాంటి పేషంట్లకి చాలామందికి మిగుల్తాయి, సొంతగా మాట్లాడటం వేరు అంది. నాకు రెండూ ఓకే. "నీ చిత్తము" దాకా వచ్చి ఆగాడు. నా మొహంలోకి చూసి "వద్దు" అన్నాడు.

దిద్దలేదు నేను. ఆమేన్ అనేసి ఎడమ కాలు తీసుకున్నా.

ఈ రాత్రి అక్క డ్యూటీ. అలారం ఆఫ్ చేశా గానీ రెండింటికి ఎలాగూ మెలకువ వచ్చేస్తుంది.