మా గుండుగాడు పగ్గేనని కాగితం వచ్చింది

నిన్న మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల మా కుక్క గుండుగాడి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. తాతముత్తాతల వివరాలేమీ లేవు, జాతి అన్న చోట మాత్రం పగ్ అని ఉంది. ఆ ఒక్క ముక్క కోసం పడ్డ పాట్లు, కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను. కొందరికి పనికొస్తుంది. ఇద్దరు ముగ్గురికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి.

మాది పర్లాకిమిడి. ఉండేది ఒడిశాలోనే గానీ ఊరు దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్రా. నాకు జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు ఉంది. గుండుగాణ్ణి నేను కొనలేదు. మా బావమరిది బరంపురంలో ఎవరి దగ్గరో కొన్నాడు. ఉద్యోగం బెంగళూరుకి మారగానే "నాలుగు రోజులు చూసుకో బావా" అని మా అరుగు మీద దింపేసి వెళ్ళాడు. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తవలేదు. పేపర్లు ఏవిరా అంటే అమ్మినతను పంపుతానన్నాడన్నాడు. ఆ అమ్మినతను కొన్నాళ్ళు ఫోన్ ఎత్తాడు, తర్వాత ఎత్తడం మానేశాడు, ఇప్పుడు ఆ నంబరే లేదు.

మా వీధిలో వాణ్ణి హచ్ కుక్క అంటారు. 2003లో టీవీలో ఓ పిల్లాడి వెంట ఎక్కడికెళ్తే అక్కడికి వచ్చిన కుక్క గుర్తుందిగా, అదే. హచ్ పోయి వొడాఫోన్ అయింది, దాని పేరూ మారింది, మా ఊళ్ళో మాత్రం పగ్గు ఇప్పటికీ హచ్ కుక్కే. నాకూ ఆ పేరుతో పేచీ లేదు. పక్క వీధిలో ఓ పెద్దమనిషి తన కుక్క కాగితాలు లామినేషన్‌కి మా షాపుకే తెచ్చి, గుండుగాణ్ణి ఎగాదిగా చూసి, "కాగితం లేకపోతే నాటుకుక్కే కదండీ" అన్నాడు. లామినేషన్ చేసి డబ్బులు తీసుకున్నాను. ఆ రాత్రే ఆరా తీయడం మొదలుపెట్టాను.

పుట్టుక కాగితాలు లేని కుక్కకీ దారి ఉంది. కుక్కల్ని జాతివారీగా నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలో జరిగే షోకి తీసుకెళ్తే జడ్జి పరీక్షించి, ఆ జాతి లక్షణాలు ఉన్నాయని ఒప్పుకుంటే రిజిస్టర్ చేస్తారు. ముందు మైక్రోచిప్, అంటే గుర్తింపు నంబరున్న చిన్న చిప్పు, ఉండాలి. మా ఊళ్ళో దొరకలేదు, శ్రీకాకుళంలో వేయించాం. మెడ దగ్గర చర్మం కింద పొడిచారు, వాడు కుయ్ అనలేదు. రేబిస్ టీకా కార్డు సిద్ధంగానే ఉంది. ఫారం నేనే నింపాను. ఊరందరి ఫారాలూ నింపేవాణ్ణి, ఒక్క కొట్టివేత లేకుండా నింపాను.

షో విశాఖలో. అక్కడికి వెళ్ళడానికి రైలు కుదరలేదు. కుక్కను మనతో ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే గార్డు బ్రేక్ వ్యానులో కుక్కల పెట్టెలో పంపాలి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఎక్కనివ్వరు. గుణుపూర్ పాసింజర్‌కి ఫస్ట్ ఏసీ ఎక్కడుంది? ఆ ఎండలో పగ్గును ఇనప పెట్టెలో పెడితే దిగేటప్పటికి ఏం మిగులుతుందో తెలియదు. కారు మాట్లాడుకున్నాం.

వెళ్ళేముందు పగ్ ఎలా ఉండాలో రాసిన ప్రమాణం డౌన్‌లోడ్ చేసి, షాపులోనే ప్రింటు తీసి, కూర్చుని చదివాను. కుక్క కొనాలనుకునేవాళ్ళు పైసా ఇవ్వకముందు చదవాల్సిన కాగితం ఇదే. బ్రోకర్లు ఏనాడూ చూపించరు. ఎఫ్‌సీఐ అని కుక్కల జాతుల అంతర్జాతీయ సమాఖ్య ఉంది, అందులో పగ్ నంబరు 253. పుట్టిల్లు చైనా, ప్రమాణం బాధ్యత మాత్రం బ్రిటన్‌ది. బరువు 6.3 నుంచి 8.1 కిలోలు. ఒళ్ళు చదరంగా, పొట్టిగా, గట్టిగా ఉండాలి, కండ ఉండాలి. కండకీ కొవ్వుకీ తేడా చూడమని విడిగా రాశారు. రంగులు నాలుగే: వెండి, ఆప్రికాట్ (లేత నారింజ), ఫాన్ (లేత గోధుమ), నలుపు. తెల్ల పగ్గు, మచ్చల పగ్గు "రేర్ పీస్ సార్" అని రెట్టింపు ధర చెప్పేవాడికి ఈ వాక్యం చూపించండి. మూతి, చెవులు, చెంపల మీది మచ్చలు, నుదుటి మీద బొటనవేలి ముద్ర, వెన్ను మీద తల వెనక నుంచి తోక దాకా సాగే గీత, ఇవన్నీ ఎంత నల్లగా ఉంటే అంత మంచిది. చెవులు చిన్నవి, పల్చనివి, మెత్తనివి. తోక పైకి లేచి తుంటి మీద బిగుతుగా చుట్టుకోవాలి, రెండు చుట్లుంటే మరీ మంచిది. నడుస్తుంటే వెనక భాగం కాస్త ఊగాలి.

తోక దగ్గరికి వచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది. మా వాడి తోక జిలేబీ. రెండు చుట్లు, ఇంకో సగం చుట్టు కొసరు.

అసలు సంగతి ముఖం దగ్గరుంది. బరంపురంలో ఆ అమ్మినతను మా బావమరిదితో "ముక్కు ఎంత లోపలికి ఉంటే అంత ప్యూర్" అన్నాడట. ప్రమాణంలో ఆ మాట వెతికినా దొరకదు. మూతి పొట్టిగా, మొద్దుగా, చదరంగా ఉండాలన్నారు, పైకి తిరిగి ఉండకూడదన్నారు. ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకుని ఉండాలి. మూసుకుపోయినట్టున్న రంధ్రాలూ, ముక్కు మీద వాలే బరువైన ముడతా ఒప్పుకోరు, గట్టిగా మార్కులు కోయమన్నారు. కళ్ళు పొడుచుకు రాకూడదు, తిన్నగా చూస్తున్నప్పుడు తెల్లగుడ్డు కనపడకూడదు. నోరు మూసినప్పుడు పళ్ళు గానీ నాలుక గానీ బయటికి రాకూడదు. ఊపిరాడని కుక్కను అందగత్తె అనకండని ఇంత స్పష్టంగా రాసిపెట్టి ఉంటే, బజారులో సరిగ్గా దానికి తలకిందులు సరుకు అమ్ముతున్నారు.

షో రోజు సంగతి చెబుతాను. ఇంట్లో సగమే చెప్పాను, ఇక్కడ పూర్తిగా.

పొద్దున్నే కౌంటరు దగ్గర ఒకతను నా కాగితాలు తిరగేసి "జిరాక్సులు చెల్లవు, ఒరిజినల్" అన్నాడు. ఒరిజినల్సే ఇచ్చాను. ఒరిజినల్‌కీ జిరాక్స్‌కీ తేడా ఎలా తెలుస్తుందో నేను అతనికి చెప్పాల్సి వచ్చింది, వేలితో తడిమి చూపించి. అప్పటికే ఎండెక్కింది. టెంటు ఉంది, గాలి లేదు. గుండుగాడి గురక లైన్లో ముగ్గురి అవతలికి వినిపిస్తోంది. ముందు నిల్చున్న పెద్దావిడ వెనక్కి తిరిగి "ఏటి బాబూ, నిలబడే నిద్దరోతన్నాడా?" అంది.

మా వంతు వచ్చింది. రబ్బరు చాప పరిచిన బల్ల మీద పెట్టమన్నారు. ఎత్తి పెడుతుంటే నా నడుం కలుక్కుమంది. జడ్జి పెద్దాయన, తమిళాయన కాబోలు, ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడుతున్నారు. ముందు తల రెండు చేతుల్తో పట్టుకుని తిన్నగా కళ్ళలోకి చూశారు, తల ఊపారు. పెదవి ఎత్తి పళ్ళు చూశారు, మళ్ళీ ఊపారు. బాగానే నడుస్తోందనుకున్నాను. అప్పుడు బొటనవేలితో ముక్కు మీది ముడత పైకి లేపి, జేబులోంచి టిష్యూ తీసి లోపల ఒక్కసారి తుడిచారు. టిష్యూ గోధుమ రంగులోకి మారిపోయింది. వాసన కూడా వచ్చింది, అబద్ధం చెప్పను. ఆ టిష్యూని నా ముందు చాచి పట్టుకుని "రోజూ తుడుస్తారా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ టిష్యూ కేసి, ఆ తర్వాత నా కేసి చూశారు. ఊరంతటి గుర్తింపు కార్డులు తుడిచి లామినేట్ చేసేవాణ్ణి, ఆ నిమిషంలో నోట మాట రాలేదు.

అక్కడితో వదల్లేదు. పక్కలు నొక్కుతూ "రిబ్స్ ఎక్కడున్నాయి, వెతుకుతున్నాను" అన్నారు. జడ్జికి సాయంగా ఉండే స్టీవార్డు కుర్రాడు పకపకా నవ్వాడు. బరువు చూడమన్నారు. 11 కిలోలు దాటింది. ఆ అంకెను ఆ కుర్రాడు గట్టిగా చదివి వినిపించాడు, ఎవరూ అడగకపోయినా. తర్వాత నడిపించమన్నారు. వాడు సగం దూరం బాగానే నడిచాడు, ఆ ఊపు కూడా ఉంది, ఆ తర్వాత నాలుగు కాళ్ళూ చాపేసి మట్టిలో బోర్లా పడుకున్నాడు. నాలుక బయట, ఊపిరి గరగరా. నేను గొలుసు లాగితే లేవలేదు. ఎవరో "బ్యాటరీ లో" అన్నారు, ఇంకెవరో "నెట్‌వర్క్ పోయింది" అన్నారు. ఓ పిల్లాడు వీడియో తీశాడు. నేను వంగి వాణ్ణి చంకనెత్తుకుని, జనం మధ్యలోంచి పంపు దగ్గరికి పరిగెత్తి, కడుపు కిందా పాదాల మీదా నీళ్ళు పోశాను.

జడ్జిగారు మా వెనకే వచ్చారు. ఈ మాటకి ఆయన్ని మెచ్చుకోవాలి. "కుక్క పగ్గే, అనుమానం లేదు. కానీ ఈ పరిస్థితిలో నేను సంతకం పెట్టను. బరువు దించి తీసుకురా" అన్నారు. కోపమొచ్చింది గానీ చేతిలో ప్రింటు ఉంది, ఆయన చెప్పిందంతా అందులో ఉంది.

నా అసలు మంట మధ్యాహ్నానిది. పక్క రింగులో, వేరే జడ్జి దగ్గర, పగ్గుల్లో మొదటి బహుమతి ఒక కుక్కకి ఇచ్చారు. దాని ముఖం పలకలా చదును, ముక్కు ముడత కిందికి దిగిపోయింది, తిన్నగా నిలబడి ఉండగానే రెండు కళ్ళలోనూ తెల్లగుడ్డు. దాని యజమాని పొద్దున్నుంచి నిర్వాహకుల కుర్చీల్లోనే కూర్చుని టీ తాగుతున్నాడు. నేనేమీ అనడం లేదు, అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. నేను ప్రింటు తీసుకెళ్ళి ఆ వాక్యం చూపిస్తే "అది పేపర్లో సార్, రింగులో వేరు" అన్నారు. రింగులో వేరైతే పేపరు ఎందుకు రాసినట్టు?

ఇంటికొచ్చాక మా అమ్మ మొత్తం విని, "అంత దూరం ఎల్లి మనోడి ముక్కు తుడిపించుకొచ్చావేట్రా?" అంది. ఈ 11 కిలోల్లో మూడు కిలోలు మా అమ్మవే. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పఖాళలో, అంటే చద్దన్నంలో, నంజుకున్న చేప ముక్కల్లో వాడి వాటా, సాయంత్రం పిఠా అనే పిండివంట. వాడు కళ్ళెత్తి చూస్తే చాలు, ఆవిడ చెయ్యి కంచంలోంచి కిందికి పోతుంది.

పశువుల డాక్టరుకి చూపించాను. ముక్కు రంధ్రాలు కొంచెం ఇరుకు, ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, ముందు కొవ్వు దించు అన్నారు. కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, ప్రధానంగా వగర్చి వేడి వదులుతుంది. ముక్కు కుదించేసిన జాతికి ఆ దారే ఇరుకు, గొంతు చుట్టూ కొవ్వు చేరితే ఇంకా ఇరుకు. 2022లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు ఓ అధ్యయనం వేశారు. మిగతా కుక్కలతో పోలిస్తే పగ్గుల్లో ఈ ఊపిరి జబ్బు దాదాపు 54 రెట్లు ఎక్కువట. నెదర్లాండ్స్‌లోనైతే మూతి పొడవు తల పొడవులో మూడో వంతైనా లేని కుక్కతో పిల్లలు పుట్టించకూడదని 2019లోనే రూలు కట్టుదిట్టం చేశారు. మన దగ్గర అదే చదును ముఖానికి ఎక్స్‌ట్రా డబ్బు.

కొలిచి తిండి, తెల్లవారకముందే మహేంద్రతనయ ఏటి ఒడ్డున నడక, ఎండెక్కితే గుమ్మం దాటనివ్వలేదు. మెడ పట్టీ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ కొన్నాను, గొంతు మీద ఒత్తిడి ఉండదని. రోజూ రాత్రి తడి దూదితో ముడత తుడిచి, పొడి గుడ్డతో అద్దుతున్నాను. అమ్మతో పెద్ద యుద్ధమే జరిగింది. కంచం దగ్గర వాణ్ణి కట్టేయడం మొదలుపెట్టాకే గెలిచాను. బరువు 8 కిలోలకి దిగింది. చెప్పుకోకూడదు గానీ, ఆ నడకలకి నా పొట్ట కూడా రెండంగుళాలు తగ్గింది.

చలికాలంలో భువనేశ్వర్ షోకి తీసుకెళ్ళాం. ఇంకో జడ్జి. ముడత లేపి చూశారు, శుభ్రం. పక్కటెముకలు చేతికి తగిలాయి. వెన్ను మీది గీత కాస్త లేతగా ఉందన్నారు. తోక దగ్గర ఆగి, వేలితో చుట్టు విప్పి వదిలారు, అది మళ్ళీ చుట్టుకుంది, ఆయన నవ్వారు. రింగులో చివరి దాకా నడిచాడు. సంతకం పెట్టారు.

వెళ్ళేవాళ్ళకి: సొంత నీళ్ళు, తడి తువ్వాలు, ఐసు డబ్బా మీరే తీసుకెళ్ళండి, అక్కడ ఏదో ఉంటుందని నమ్మకండి. ప్రింటు దగ్గర పెట్టుకోండి. పరీక్షకి ముందు రోజు ముడత తుడవండి, ముందు నెల నుంచి తుడిస్తే ఇంకా మంచిది. స్టీవార్డు కుర్రాళ్ళతో వాదన పెట్టుకోకండి, నాలాగా మనసులో పేరు గుర్తుపెట్టుకోండి చాలు. కుక్కపిల్లని కొనేటప్పుడు తల్లిని చూపించమనండి, దాని ఊపిరి వినండి. చూపించనంటే లేచి వచ్చేయండి.

సర్టిఫికెట్ లామినేట్ చేసి షాపులో కౌంటరు వెనక తగిలించాను. పక్క వీధి పెద్దమనిషి పొద్దున జిరాక్సుకి వచ్చాడు, చూశాడు, రెండు కాపీలకి మూడు కాపీల డబ్బిచ్చి వెళ్ళిపోయాడు. ఇంతలో మొదటి షో వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, మే నెలలో ఇంకో షో ఉంది, ఇప్పుడు రిజిస్టరైంది కాబట్టి ఓపెన్ క్లాసు పోటీలో దింపమని. టెంటులో కూలర్లు పెడతారా అని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.