కాశీమజిలీ కథలు: ఏడో భాగం దాటాను

ఎవరైనా అసలు సంగతి తేల్చకుండా సాగదీస్తే ‘కాశీమజిలీ కథలు చెప్పకు’ అంటాం. మా ఆఫీసులో వారానికి రెండుసార్లయినా ఆ మాట వినిపిస్తుంది. ఆ కథలు చదివినవారు మాత్రం ఇక్కడ కడపలో నాకు ఒక్కరూ తగల్లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలు రాస్తే, మనకు మిగిలింది ఒక ఎత్తిపొడుపు మాట. రెండేళ్ల కిందట మూడో భాగం నడుమ వదిలేసిన నేను, ఈ ఫిబ్రవరిలో మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. నిన్న రాత్రితో ఏడు భాగాలు అయ్యాయి.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మణిసిద్ధుడనే యతి కాశీకి బయలుదేరుతూ ఒక పశువుల కాపరి కుర్రవాడిని తోడు రమ్మంటాడు. దారిలో తాను అడిగినదానికల్లా కథ చెబితేనే వస్తానని వాడి షరతు. మజిలీ చేసిన ప్రతి ఊళ్లోనూ వాడు ఏదో ఒక వింత చూసి వచ్చి అడుగుతాడు. సిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో దాని వెనుక కథ తెలుసుకుని చెబుతాడు.

మొదటిసారి నన్ను ఓడించింది కథ కాదు, అచ్చు. అరసున్నలు, బండి ‘ఱ’లు రెండు రోజుల్లో అలవాటవుతాయి. సంధులే ప్రాణం తీస్తాయి. ‘వానింజూచి’ అని ఉంటే ‘జూచి’ కోసం నిఘంటువులో ‘జ’ దగ్గర వెతికాను. అది ‘చూచి’. ‘అతఁడు వలికెను’ అంటే ‘పలికెను’. మాట మొదట్లో గ, జ, స, డ, ద, బ, వ కనిపించి అర్థం దొరక్కపోతే, అక్కడ క, చ, ట, త, ప పెట్టి చూడాలి. ఈ ఒక్క కిటుకు తెలిశాక అరగంటకు నాలుగు పేజీలు చదివేవాడిని పదికి వచ్చాను. మాటలకు ఆంధ్రభారతి సైటులో బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం రెండూ కలిపి చూస్తున్నాను. బ్రౌన్ దొర మా ఊళ్లో ఉద్యోగం చేసినవాడు కాబట్టి ముందు ఆయనకే అవకాశం ఇస్తాను!

రెండో ఉపాయం, పైకి చదవడం. కంటికి ఒకే మాటగా కనిపించేది నోటితో అంటే దానంతట అదే విడిపోతుంది. రాత్రి సంగటి తిన్నాక మిద్దె మీద అమ్మ చింతపండులో గింజలు తీస్తుంటే, పక్కన కూర్చుని చదువుతాను. ఆమెకు రాకుమార్తెల గొడవ పట్టదు. ‘ఆ పిల్లవాడు అన్నం తిన్నాడా లేదా, ముందు అది చెప్పు నాయనా’ అంటుంది. పగలు ప్రొద్దుటూరు బస్సులో ఫోనులో చదవబోయాను కానీ, పాత పేజీల స్కాను ఆ కుదుపులకు పనికిరాదు. పెద్ద తెర ఉన్న ట్యాబ్ తప్పనిసరి.

కథలో కథ, అందులో ఇంకో కథ. ఏడుగురు మిత్రుల కథ దగ్గర చేతులెత్తేసి, పాత క్యాలెండరు కాగితాల వెనుక ఏ కథ దేని లోపలిదో చూపే చెట్టు గీయడం మొదలుపెట్టాను. దత్తకుడు, కుచుమారుడు, గోణికాపుత్రుడు... వాత్స్యాయనుడు తన శాస్త్రానికి ముందటి ఆచార్యులుగా చెప్పినవారి పేర్లే అవి. వాళ్లను స్నేహితుల గుంపుగా మార్చి సాహసాలకు పంపడం ఎంత చిలిపి ఆలోచన! ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెన్సిల్ కేటాయించాను. కథ లోపలికి దిగినప్పుడల్లా రెండు వేళ్ల మేర కుడికి జరిపి రాస్తాను. బయటికి వచ్చాక మళ్లీ ఎడమకి.

అన్నీ బాగున్నాయని అనను. నాయిక వర్ణన మొదలైతే పేజీన్నర దాటేస్తున్నాను, ఏ నాయికకైనా అవే కళ్లు, అదే నడుము. ఆడవాళ్ల గురించి, కులాల గురించి కొన్ని మాటలు అమ్మ ముందు పైకి చదవలేక మింగేశాను. కానీ మగవేషం కట్టి ఇల్లు విడిచే అమ్మాయిల కథలు వచ్చినప్పుడు ఈయనే వాటినీ రాశాడా అనిపిస్తుంది.

మార్చిలో ఒక పొరపాటు జరిగింది. ఫైలు పేరులో ఏడు అని ఉంటే నమ్మి చదివేశాను. ముప్పై పేజీల తర్వాత ముఖపత్రం చూస్తే ఎనిమిది. ఇప్పుడు ప్రతి ఫైలూ తెరవగానే ముఖపత్రం, చివరి పేజీ చూసి, పేరు నేనే మార్చుకుంటున్నాను. మధ్యలో పేజీలు ఎగిరిపోయిన చోట అంకె రాసి పెట్టుకుని, అదే భాగం ఇంకో స్కానులో ఆ పేజీ ఒక్కటే చూస్తాను.

ఎనిమిదో భాగం రేపు ముప్పై ఒకటో పేజీ నుంచి. పాత కాగితాలు అయిపోయి నిన్న ఈ ఏటి క్యాలెండరులో మే నెల కాగితాన్ని ముందే చించేశాను. గ్యాస్ బండ బుక్ చేయాల్సిన తేదీ అమ్మ దాని మీదే రాసుకుందట. ఇప్పుడది కుచుమారుడి ఆకుపచ్చ రంగు వెనుక ఉంది.